పిల్లలే వంటవారైన పుట్టినరోజు

మా మనవరాలి ఎనిమిదవ పుట్టినరోజున పదిమంది పిల్లలు అమలాపురంలోని మా ఇంట చేరి, తమ ఫలహారం తామే చేసుకున్నారు. "కేకు కొనవద్దు మామ్మా, మేమే వండుతాం" అని ఆ పిల్ల పట్టుబట్టింది. నాకూ ఆ ముచ్చట నచ్చింది. తమ చేతులతో చేసిన దానికి పిల్లలు వంక పెట్టరని తల్లులందరికీ తెలిసినదే. అయితే ఆనాడు నా ఏమరుపాటు వలన ఒక బాలుని వేళ్లు కాలాయి. కనుక వంటల కంటె ముందు ఆ సంగతే విన్నవిస్తాను.

లౌజు కోసం కాచిన బెల్లం పాకం దింపి వసారాలో పెట్టి, ఏలకుల పొడి కోసం లోనికి వెళ్లాను. ఆ కాస్త వ్యవధిలో ఏడేళ్ల బాలుడు రుచి చూడబోయి వేళ్లు ముంచాడు. పాకం నీటివలె జారిపోదు. మరిగే నీటి కంటె ఎక్కువ వేడితో చర్మానికి అంటుకొని ఉండిపోతుంది. ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు, మరొకరు సిరా అన్నారు. ఏళ్ల తరబడి గృహవైద్యం చెబుతున్న నా చేయి కూడ నేతిగిన్నె మీదికే పోయింది. తోడుగా వచ్చిన బాలుని తల్లి ఎవరి మాటా వినక, వానిని కుళాయి క్రిందికి లాగింది. వాని వేళ్లను కాపాడినది ఆమెయే.

కాలిన చోటును వెంటనే పారే చల్లని నీటి క్రింద ఇరవై నిమిషాలు ఉంచాలి. మంచుగడ్డ పెట్టరాదు. వాపు రాకముందే ఉంగరం, మణికట్టు దారం తీసివేయాలి. నెయ్యి, వెన్న, పేస్టు, సిరా వేడిని లోపలే నిలిపి, వైద్యుడు గాయాన్ని చూడడానికి అడ్డమవుతాయి. బొబ్బలను చిదపక, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పాలి. చేతులు, ముఖం, కీళ్లు కాలి బొబ్బలెక్కితే, లేదా గాయం బిడ్డ అరచేతి కంటె పెద్దదైతే ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలసినదే. చర్మం చిట్లని స్వల్పపు కమురుకు మాత్రమే, అదీ పూర్తిగా చల్లారిన తరువాతనే, కలబంద గుజ్జు పూయవచ్చును.

ఇక వంటలు. కోనసీమలో పిల్లల చేతికి అమరిన వంటకం పొట్టిక్కలు. మినపప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు లెక్కన పిండిని ముందురోజు సాయంత్రమే రుబ్బి, పులియబెట్టి ఉంచాలి. పిల్లలు వచ్చాక వారికి ఒప్పగించవలసిన పని బుట్టలు అల్లడం. మరీ లేతవీ, ముదురువీ కాని పనసాకులు కడిగి తుడిచి, నాలుగేసి ఆకులను కొబ్బరి ఈనెల ముక్కలతో గుచ్చితే బుట్ట తయారవుతుంది. తొడిమల నుండి కారే జిగురుపాలు అంటకుండ చేతులకు కొంచెం నూనె రాయాలి. బుట్టకు ఎన్ని ఈనెలు గుచ్చారో అన్నీ తినేముందు లెక్కపెట్టి తీయించాలి. పిండిలో విరిగి మిగిలిన ఈనె ముక్క గొంతుకు గుచ్చుకొంటుంది. ఈ లెక్క పిల్లలకే అప్పగించండి, పెద్దల కంటె శ్రద్ధగా చేస్తారు.

పొయ్యి దగ్గర ఒక్క పెద్దవారే ఉండాలి. బుట్టల్లో సగానికి పైగా పిండి పోసి ఆవిరిమీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడికించాలి. మూత తీసేవేళ ఆవిరి ముఖానికి కొట్టకుండ అవతలి వైపునకు ఎత్తాలి. ఈలోగా పిల్లలచేత పూతరేకులు చుట్టించవచ్చును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు మన పొరుగువే కదా! బోర్లించిన కుండమీద రేకు తీయడం పిల్లల పని కాదు. తీసిన రేకులు కొని, తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి, బెల్లం పొడి వేసి మడవడం వారి పని. మొదటి రెండూ చిరుగుతాయి. చిరిగినవే ముందు తినివేస్తారు.

లౌజుకు కొబ్బరి మీరే కోరి పెట్టండి, కోరాము పళ్లు పదునైనవి. ఉండలు చేయడానికి పిల్లలకిచ్చే ముందు, ఆ ముద్దను మీ అరచేతిలో పెట్టుకొని చూడండి. మీరు సుఖంగా పట్టుకోగలిగితేనే ఇవ్వాలి.

బాల్యం కఫప్రధానమైన వయస్సు. కొబ్బరి శీతవీర్యం, గురువు, మినుములూ గురువులే. అందువలన బిడ్డకు రెండు పొట్టిక్కలు, ఒక చిన్న లౌజు ఉండ చాలును. ఏలకులతోబాటు చిటికెడు శొంఠి చేర్చితే జీర్ణానికి అనుకూలం. సీసాల్లోని తీపి పానీయాలకు బదులు లేత బొండాల నీళ్లు ఇచ్చాను, ఎవరూ వద్దనలేదు. అయిదేళ్ల లోపు పిల్లలకు వేరుశనగ గింజలు పెట్టకండి, పొలమారితే శ్వాసనాళంలో చిక్కుకొంటాయి. ఎవరికి ఏ పదార్థం సరిపడదో పిలిచేటప్పుడే తల్లులనడిగి వ్రాసిపెట్టుకోవాలి.

చరకసంహిత విమానస్థానంలో భోజన నియమాలున్నాయి. వేడిగా, మితంగా, మునుపటిది జీర్ణమయ్యాక తినాలన్నవి పాటించాము. మాటలాడక, నవ్వక తినాలన్న నియమం మాత్రం ఆ సాయంత్రం మా వసారాలో సాగలేదు.

బాలుని వేళ్లు పది రోజులలో మానాయి. ఈ ఏడు కూడ వాడే మొదట వచ్చి, లౌజు గిన్నె చల్లారినదా అని నన్ను రెండుసార్లు అడిగాడు.