ప్లాస్మాకు గట్టు

కొల్లేటి చుట్టుప్రక్కల చేపల చెరువు త్రవ్వించినవారికి గట్టు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. గండి పడినచో ఊరంతయు పరుగెత్తును. మట్టిలోనుండి రేయింబవళ్లు ఊటగా జారిపోవు నీటిని మాత్రము, ఇంజను నీరు పోయుచున్నంత కాలము, ఎవ్వరును గమనింపరు. సూర్యునిలో జరుగు కేంద్రక సంలీనమును భూమిపై సాధింపబూనిన టోకమాక్ యంత్రములలో శాస్త్రజ్ఞులను వేధించునది ఈ ఊటనష్టమే.

డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకములు తగినంతగా ఏకమగుటకు రమారమి పదునైదు కోట్ల డిగ్రీల వేడి కావలెను. ఆ వేడిలో పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడివడి పదార్థము ప్లాస్మాయగును. దానిని తాకి ఏ లోహమును నిలువజాలదు గనుక, వలయాకారమగు గదిలో అయస్కాంత క్షేత్రముచే గోడలకు తగులకుండ పట్టియుంచవలెనని 1950 ప్రాంతమున సోవియట్ శాస్త్రజ్ఞులు సఖారోవ్, టామ్‌లు తలపోసిరి.

2025 జనవరిలో చైనావారి ఈస్ట్ యంత్రము 1,066 సెకన్లు, మరునెలలో ఫ్రాన్సులోని వెస్ట్ 1,337 సెకన్లు ప్లాస్మాను నిలిపినవి. ఘనకార్యములే, అయినను అవి ప్లాస్మా వెలిగిన కాలములు. తాడేపల్లిగూడెము ఎన్.ఐ.టి. విద్యార్థులైనను పత్రికలలో ఇట్టి వార్త చదువునపుడు నిర్బంధకాలమెంతయని అడుగవలెను. ప్లాస్మాలో నిలువయున్న ఉష్ణశక్తిని, ఆ నిలువ తరుగకుండ సెకనుకు పోయవలసిన శక్తిచే భాగింపగా వచ్చునదే నిర్బంధకాలము. మన దేశమును భాగస్వామియైన బృహద్యంత్రము ఇటర్‌లో సైతము ఆశించుచున్నది మూడు నాలుగు సెకన్లే.

కణములు ఒండొంటిని ఢీకొనుటవలన మాత్రమే వేడి జారునని లెక్కించినప్పటికంటె, కొలిచి చూడగా నష్టము అనేక రెట్లు హెచ్చుగా తేలెను. ప్లాస్మాలో పుట్టు సూక్ష్మమైన సుడులే దానికి ముఖ్యకారణము. 1982లో జర్మనీలోని గార్షింగున, ఆస్‌డెక్స్ యంత్రముపై పనిచేయుచున్న ఫ్రిట్జ్ వాగ్నర్ బృందము తాపనశక్తిని ఒక హద్దు దాటించినంతనే నిర్బంధకాలము అకస్మాత్తుగా ఇంచుమించు రెండింతలయ్యెను. అంచున, పలుచని మేర, ప్రక్కప్రక్క పొరలు వేర్వేరు వేగములతో ప్రవహించి సుడులను చీల్చివైచుచున్నవని తరువాతి పరిశోధనలవలన తెలియవచ్చెను. ప్లాస్మా తన గట్టును తానే పోసికొన్నదన్నమాట! ఈ శాస్త్రమున ఇంతకంటె మనోహరమగు విషయము నాకు కానరాదు. ఐతే ఆ అంచున ఒత్తిడి మితిమీరినపుడు వేడి క్షణికమైన విస్ఫోటములుగా వెలికురికి లోపలి పలకలను తినివేయును. వానిని అదుపుచేయుట నేటికిని పెద్ద పనిగా మిగిలియున్నది.

గుజరాతున గాంధీనగర్ చెంత ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ‘ఆదిత్య’ వెలిగెను. వలయపు ప్రధాన వ్యాసార్ధము 75 సెంటీమీటర్లే. అంచున కొలది వాయువును చిమ్మి అచటి అలజడిని తగ్గింపవచ్చునని అక్కడివారు చూపిరి. 2016లో నూతన రూపము దాల్చి ‘ఆదిత్య-యు’గా అది ఇప్పటికిని ఈ ఊటల జాడ తీయుచునే యున్నది.