చట్టం చేతిలో హక్కుల హరణం

1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ పదవిని స్వీకరించేనాటికి ఆ దేశంలోని యూదులు సుమారు 5 లక్షలు. జనాభాలో నూటికి ఒక్కరైనా లేరు. చట్టం దృష్టిలో వారు తక్కిన పౌరులతో సమానులు. ఆ సమానత్వం ఒక్కనాటి తుఫానులో కొట్టుకుపోలేదు. చట్టం వెంట చట్టంగా, ఎనిమిదేళ్లకు పైగా హరించుకుపోయింది.

ఆ ఏప్రిల్ 7న యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం వెలువడింది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినవారికి మాత్రం మినహాయింపు లభించింది. ఇంతటితో ఆగుతుందని పలువురు ఊరట చెందారు.

డ్రెస్డెన్‌లో సాహిత్యాచార్యుడైన విక్టర్ క్లెంపెరర్ అట్టి మాజీ సైనికుడే. 1935లో ఆయన ఉద్యోగమూ పోయింది. అదే సెప్టెంబరు 15న ప్రకటించిన న్యూరెంబర్గ్ శాసనాలు యూదుల పౌరసత్వ హక్కులను రద్దు చేశాయి. ఇతర జర్మనులతో వారి వివాహాలను నిషేధించాయి. తల్లివైపు, తండ్రివైపు తాతామామ్మలు నలుగురిలో ముగ్గురు యూదులైతే, తాను ఏ మతాన్ని నమ్మినా ఆ మనిషి యూదుడే. రబ్బీ కుమారుడైన క్లెంపెరర్ క్రైస్తవం స్వీకరించినా ప్రయోజనం లేకపోయింది.

1938లో యూదు వైద్యుల అనుమతులు రద్దయ్యాయి. పాస్‌పోర్టులపై ఎర్రని 'జె' ముద్ర పడింది. నవంబరు 9 రాత్రి ప్రార్థనాలయాలు తగులబడ్డాయి, దుకాణాలు ధ్వంసమయ్యాయి. ప్రభుత్వం జరిమానా విధించింది బాధితులకే! ఆ మొత్తం 100 కోట్ల మార్కులు. కొద్దిరోజులకే ప్రభుత్వ పాఠశాలలు యూదు బాలలకు తలుపులు మూశాయి.

పెద్ద హక్కులు పోయిన పిమ్మట చిన్నవాటి వంతు వచ్చింది. 1939లో రేడియోలు లాక్కున్నారు. 1941 సెప్టెంబరు 19 నుంచి, ఆరేళ్లు నిండిన ప్రతి యూదుడూ దుస్తులపై పసుపు నక్షత్రం ధరించవలసి వచ్చింది. 1942లో పెంపుడు జంతువులనూ నిషేధించారు. క్లెంపెరర్ దంపతులు తమ పిల్లిని చంపించవలసి వచ్చింది.

1941 నవంబరులో వచ్చిన ఉత్తర్వు అన్నిటికంటె క్రూరమైనది. దాని ప్రకారం విదేశంలో నివసించే యూదుడు పౌరసత్వాన్ని, ఆస్తిని కోల్పోతాడు. బలవంతంగా రైలెక్కించి సరిహద్దు దాటించిన వారికీ అదే వర్తించింది. ఆ రైళ్లు వెళ్లింది మృత్యుముఖానికి. ఐరోపా అంతటా హతులైన యూదులు సుమారు 60 లక్షలు.

భార్య యూదురాలు కానందువల్ల క్లెంపెరర్ బ్రతికి బయటపడ్డాడు. ఆయన రహస్యంగా వ్రాసుకున్న దినచర్య 1995లో వెలుగు చూసింది. పొరుగువాని హక్కును హరించే మొదటి చట్టం సాధారణంగా చిన్నదిగానే కనిపిస్తుంది. అడ్డుకొనడానికి అదే అదను.