టిష్యూకల్చర్ అరటి సాగు - ఆరోగ్యవంతమైన తల్లిమొక్కే కీలకం

అరటిని సాధారణంగా పిలకల ద్వారా ప్రవర్ధనం చేస్తారు. అయితే తెగులు సోకిన తోట నుండి తెచ్చిన పిలకలతో పాటు నులిపురుగులు, పనామా తెగులు, బంచీటాప్ వైరస్ కూడా కొత్త పొలానికి చేరతాయి. పిలకల వయసులో తేడా వలన గెలలు ఒకేసారి కోతకు రావు. ఈ ఇబ్బందులను అధిగమించేందుకు టిష్యూకల్చర్ విధానం ఎంతగానో ఉపకరిస్తుంది. రాయలసీమలో గ్రాండ్ నైన్ రకం సాగు ఈ మొక్కలతోనే విస్తరించింది.

ఎంపిక చేసిన తల్లిమొక్క పిలక నుండి పెరుగుదల మొగ్గను సేకరించి, శుద్ధి చేసి, పోషకాలు, హార్మోన్లు గల మాధ్యమంలో గాజుసీసాలలో పెంచుతారు. ఏర్పడిన చిన్న పిలకలను విడదీస్తూ విడతలవారీగా వృద్ధి చేస్తారు. విడతలు పెరిగేకొద్దీ జన్యుపరమైన వికృతులు తలెత్తుతాయి గనుక అవి 8కి మించరాదు. వేర్లు తొడిగిన మొక్కలను తొలుత హరితగృహంలో, అనంతరం షేడ్‌నెట్ కింద బయటి వాతావరణానికి అలవాటు చేసి రైతులకు అందజేస్తారు.

శిలీంధ్రాలు, బాక్టీరియా ఉన్నచో చాలావరకు సీసాలోనే బయటపడతాయి. వైరస్ మాత్రం కంటికి కనబడదు. తల్లిమొక్కలో అది ఉన్నచో దాని నుండి పుట్టిన వేలాది మొక్కలకూ సంక్రమించే ప్రమాదం ఉంది. అందువలన తల్లిమొక్కకు ముందుగానే వైరస్ పరీక్ష జరపడం తప్పనిసరి. ఇందుకోసం కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో టిష్యూకల్చర్ మొక్కల జాతీయ ధ్రువీకరణ వ్యవస్థను నెలకొల్పింది.

టిష్యూకల్చర్ మొక్కకు తెగుళ్లను తట్టుకునే ప్రత్యేక శక్తి ఏదీ ఉండదు. పనామా తెగులు సోకే రకాన్ని ఆ తెగులున్న నేలలో నాటినా, పేనుబంక ద్వారా బంచీటాప్ వ్యాపించినా నష్టం తప్పదు. కావున రైతులు ధ్రువీకరణ గల మొక్కలనే రసీదుతో కొనుగోలు చేయాలి. తోటలో వైరస్ సోకిన మొక్కలను దుంపతో సహా తొలగించి నాశనం చేయాలి.