చాకు కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి!

ప్రయాణాలప్పుడు చేతిసంచీలో ఓ మడత చాకు పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. రైల్లో పిల్లలకు జామకాయ కోయాలన్నా, పార్సిల్ తాడు తెంపాలన్నా అదే దిక్కు. మరి కొనేటప్పుడు ఏం చూస్తాం? రంగు, మెరుపు, ధర!

నేనూ అంతే. ఓసారి తిరునాళ్లలో ఎర్ర పిడి, దానిమీద తెల్లటి శిలువ గుర్తు చూసి "అబ్బ, స్విస్ చాకే!" అని మురిసిపోయి, బేరమాడి కొన్నాను. ఇంటికొచ్చి మా అమ్మాయి జామకాయ కోస్తుంటే అది ఠక్కున మడుచుకుపోయి వేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. ఆ తర్వాతే ఈ చాకుల సంగతి చదివి తెలుసుకున్నాను.

అసలు స్విస్ చాకు కథ వినండి. స్విట్జర్లాండులోని ఇబాఖ్‌లో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన 1884లో చాకుల పని మొదలుపెట్టాడు. 1891లో సైనికులకు చాకులు అందించాడు. 1897లో ఆఫీసర్ల చాకు తెచ్చాడు. ఒకే స్ప్రింగుకు రెండువైపులా పనిముట్లు అమర్చడం ఇందులోని కిటుకు. అందుకే అన్ని పనిముట్లున్నా జేబులో పడుతుంది. తల్లి విక్టోరియా 1909లో పోతే ఆమె పేరే చాకులకు పెట్టుకున్నాడు. 1921లో తుప్పు పట్టని 'ఐనాక్స్' ఉక్కు వచ్చాక ఆ రెండూ కలిసి విక్టోరినాక్స్ అయింది. ఎర్ర రంగు ఎవరైనా వేస్తారు. కానీ తెరిచినా మూసినా 'టక్'మని గట్టిగా కూర్చునే ఆ స్ప్రింగును అనుకరించడం అంత తేలిక కాదు.

ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో పుట్టిన ఓపినెల్ చాకు చూడండి. ఒక చెక్క పిడి, ఒక బ్లేడు, అంతే! పల్లెటూరి రైతులు వాడుకునే వస్తువు. 1955లో పిడి మెడకు తిప్పే ఉంగరం ఒకటి చేర్చారు. బ్లేడు తెరిచి ఉంగరం తిప్పితే ఇక మడుచుకోదు. వేళ్లను కాపాడటానికి పెట్టిన ఆ ఉంగరమే ఇప్పుడు ఆ చాకుకు ఆనవాలు. పేరు చదవక్కర్లేదు, చేత్తో తడిమినా తెలిసిపోతుంది. పిల్లల కోసం మొన గుండ్రంగా ఉన్నది కూడా ఉంది.

ఫ్రాన్సుదే ఇంకొకటి, లాయోల్. సన్నగా వంపు తిరిగిన పిడి, స్ప్రింగు చివర చిన్న తేనెటీగ బొమ్మ. ఎంత ముచ్చటగా ఉంటుందో! అయితే ఆ పేరు, ఆ తేనెటీగ ఒక్క కంపెనీ సొత్తు కాకపోవడంతో ఎక్కడెక్కడో చేసిన నాసిరకం చాకుల మీద కూడా అవే కనిపిస్తాయి. తేనెటీగ ఉన్నంత మాత్రాన మంచి చాకని నమ్మడానికి లేదన్నమాట.

చూశారా! పని చేసే భాగమే గుర్తుగా మారితే ఆ గుర్తును నమ్మొచ్చు. పైపై అలంకారమే గుర్తయితే మనమే పరీక్షించుకోవాలి.

కాబట్టి కొనేముందు ఇవి చూడండి:

* నాలుగైదుసార్లు తెరిచి మూయండి. స్ప్రింగు వదులుగా ఉంటే వద్దు.
* తెరిచాక బ్లేడును అటూ ఇటూ కదపండి. ఊగకూడదు.
* తాళం పడే ఏర్పాటు ఉందో లేదో అడగండి. లేకపోతే బ్లేడు వీపు మీద ఎప్పుడూ ఒత్తకండి.
* చెక్క పిడి చాకును నీళ్లలో నానబెట్టకండి. చెక్క ఉబ్బితే బ్లేడు బిగుసుకుపోతుంది.
* నిమ్మకాయ, మామిడికాయ కోశాక వెంటనే తుడిచి ఆరనివ్వండి.
* విమానంలో వెళ్లేటప్పుడు చేతిసంచీలో కాకుండా, లోపల వేసే పెట్టెలో పెట్టండి.

మా అమ్మాయి వేలిమీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ ఎర్ర చాకు మాత్రం ఆనాడే చెత్తబుట్టలోకి పోయింది. ఇప్పుడు కొట్టుకెళితే రంగు సంగతి తర్వాత, ముందు స్ప్రింగు చప్పుడు వింటున్నాను.