పిల్లల్ని ఫైటింగ్ సినిమాకు తీసుకెళ్లవచ్చా?

"డాక్టరుగారూ, ఆ సినిమాకు తీసుకెళ్తేగాని అన్నం తిననని పిల్లవాడు మొండికేశాడు. తీసుకెళ్లమంటారా?"

జ్వరం మందు చీటీ చేత పట్టుకుని, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఇటువంటి ప్రశ్నకు "సినిమాయే గదమ్మా, ఏమవుతుంది?" అని ఒకప్పుడు నేనూ నవ్వేసినవాణ్ణే. అట్లా నవ్వకూడదని నాకు నేర్పినవాడు ఏడేళ్ల పిల్లవాడు.

గుడిబండ ప్రాంతంలో పనిచేసే రోజుల్లో ఒక పల్లె నుంచి ఆ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. మూడేళ్లుగా పక్క తడపనివాడు మళ్లీ తడుపుతున్నాడు. అర్ధరాత్రి కేకపెట్టి లేచి కూర్చుంటున్నాడు. అంతకుముందే తాయెత్తు కట్టించారు. నేను మూత్రపరీక్ష చేయించాను, దోషమేమీ లేదు. నులిపురుగుల మాత్ర ఇచ్చి, "అదే తగ్గిపోతుంది" అని పంపేశాను. తగ్గలేదు.

రెండోసారి వచ్చినప్పుడు తల్లి ఒక మాట అంది: "వాళ్ల నాన్న ఇంట్లో ఉన్న రాత్రి బాగానే నిద్రపోతాడు సార్." తండ్రి లారీ డ్రైవరు, వారంలో నాలుగు రాత్రులు రోడ్డు మీదే. నేను కుర్చీ దగ్గరకు జరుపుకుని పిల్లవాణ్ణే అడిగాను. చాలాసేపటికి చెప్పాడు. హిందూపురంలో చూసిన సినిమాలో, రాత్రిపూట దారికాచి, కొడుకు కళ్లెదుటే తండ్రిని నరికారట. కత్తులకూ పేలుళ్లకూ వాడు భయపడలేదు, ఈల కూడా వేశాడు. వాణ్ణి పట్టుకున్నది ఆ ఒక్క దృశ్యమే. లారీ బయలుదేరిన ప్రతి రాత్రీ వాడి మనస్సులో ఆ సినిమా మళ్లీ ఆడేది.

"మావాడికి ఫైట్లంటే ప్రాణం సార్, ధైర్యవంతుడు" అన్నాడు తండ్రి. ఆయన అబద్ధం చెప్పలేదు. పిల్లవాడు హాల్లో ఈల వేశాడా, ఏడ్చాడా అన్నదాన్ని బట్టి లోపల ఏం జరిగిందో తెలియదని ఆయనకూ తెలియదు, అప్పటికి నాకూ తెలియదు.

వయస్సును బట్టి చూడండి

రెండు మూడేళ్ల పసివాళ్లకు కథ తెలియదు. వాళ్లకు తెలిసేది చీకటి, చప్పుడు, పెద్దగా కనిపించే కోపపు ముఖాలు. వీళ్లను ఫైటింగ్ సినిమాకు తీసుకెళ్లకపోవడమే మంచిది.

నాలుగు నుంచి ఏడేళ్ల లోపువారికి నిజానికీ నటనకూ మధ్య గీత గట్టిగా పడి ఉండదు. "అది రంగు నీళ్లురా" అంటే తల ఊపుతారు, రాత్రికి మళ్లీ భయపడతారు. చూసినదాన్ని చేసి చూడాలన్న ఆరాటం కూడా ఈ వయస్సులో హెచ్చు. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే శాస్త్రజ్ఞుడు బడికి ఇంకా పోని పిల్లల ముందు ఒక పెద్దమనిషి చేత గాలిబొమ్మను కొట్టించి చూశాడు. తరువాత ఆ పిల్లలూ బొమ్మను అట్లాగే, అవే మాటలంటూ కొట్టారు. 1963లో అదే సంగతిని సినిమాగా తీసి చూపించినా కొట్టారు. సినిమా చూసిన ప్రతివాడూ రౌడీ అవుతాడని దీని అర్థం కాదు. మెడకు తువ్వాలు బిగించే ఆట, మిద్దెమీంచి దూకే ఆట ఇంట్లో మొదలైతే మాత్రం ఎక్కడ నేర్చుకున్నాడో ఆలోచించండి.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు అది నటన అని తెలుసు. వీళ్లను భయపెట్టేది జరగడానికి వీలున్న సంగతి. అమ్మానాన్నలకు దెబ్బ తగలడం, పిల్లల్ని ఎత్తుకుపోవడం, ఇల్లు తగలబడడం వంటివి. పదమూడు దాటినవాళ్ల సంగతి వేరు. వాళ్లు భయపడరు, కాని హీరో చేసిన ప్రతి కొట్లాటా న్యాయమేననుకోవచ్చు. వాళ్లతో కలిసి చూసి, వాదించండి.

సర్టిఫికెట్టు ఏం చెబుతుంది?

1983 వరకు మన దేశంలో 'యు', 'ఎ' అనే రెండు సర్టిఫికెట్లే ఉండేవి. ఆ ఏడు 'యుఎ' వచ్చింది. 2023లో చట్టాన్ని సవరించి ఆ 'యుఎ'ను 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్ అని మూడుగా విడదీశారు. 'ఎ' అంటే 18 ఏళ్ల లోపువారిని హాల్లోకి రానివ్వకూడదు, రానిస్తే హాలువారిది నేరం. కాని 'యుఎ' అంకెలు తల్లిదండ్రులకు సూచన మాత్రమే. ఆ అంకె చూసి గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు. అంటే చట్టం ఆ నిర్ణయాన్ని మీ చేతిలోనే పెట్టింది.

2023 డిసెంబరు 22న 'సలార్' విడుదలైనప్పుడు మన ప్రాంతంలో సందడి ఎక్కువగా ఉండింది. దర్శకుడు ప్రశాంత్ నీల్ మూలాలు మడకశిర దగ్గరి నీలకంఠాపురంలోనివి. "మనవాడు తీసిందే గదా" అని పిల్లలతో సహా బయలుదేరాలనిపించడం సహజం. కాని అది 'ఎ' సినిమా. దర్శకుడు మనవాడైనంత మాత్రాన సినిమా మన పిల్లలది కాదు.

ఇంకొక సంగతి. 2017లో 'బాహుబలి' రెండో భాగానికి మన దేశంలో 'యుఎ' ఇచ్చారు. సింగపూరులో అదే సినిమాకు 16 ఏళ్ల లోపువారిని రానివ్వలేదు. సినిమా ఒకటే, కొలత వేరు. కాబట్టి సర్టిఫికెట్టును మొదటి మాటగా తీసుకోండి, ఆఖరి మాటగా కాదు.

చెవులు, కళ్లు, నిద్ర

కథను పక్కనపెట్టినా శరీరానికి సంబంధించిన లెక్కలు కొన్ని ఉన్నాయి. 85 డెసిబెల్స్ చప్పుడును మన చెవి రోజుకు 8 గంటలు ఓర్చుకోగలదని అంచనా. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. పసిబిడ్డ చెవి నొప్పిని నోటితో చెప్పలేదు, ఏడుస్తుంది. మనం పాలసీసా నోట్లో పెడతాం. సినిమా అయ్యాక పిల్లవాడు చెవుల్లో గుయ్‌మంటున్నదంటే చప్పుడు మితిమీరిందనే అర్థం.

మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వేగంగా మిణుకుమనే వెలుగులు కొందరిలో మూర్ఛ రప్పిస్తాయి. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీలో 'పోకెమాన్' బొమ్మల కథలో అటువంటి దృశ్యం వచ్చినప్పుడు ఆరువందల మందికి పైగా పిల్లల్ని ఆసుపత్రులకు చేర్చారు.

ఇక నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రెండో ఆట చూసి హిందూపురం నుంచి గుడిబండ చేరి, తెల్లవారి బడికి లేవాల్సిన పిల్లవాడికి అందులో సగం దక్కితే గొప్ప. సాధ్యమైనంత వరకు పగటి ఆటకే తీసుకెళ్లండి. మొదటి రోజు గుంపులోకి మాత్రం వద్దు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయంలో పడ్డాడు. వారం ఆగితే సినిమా ఎక్కడికీ పోదు.

ఎలా నిర్ణయించాలి?

ముందు మీరు చూడండి. వీలుకాకపోతే చూసివచ్చినవారిని "బాగుందా?" అని కాదు, "అన్నిటికంటే ఘోరమైన దృశ్యం ఏది?" అని అడగండి. ఆ దృశ్యాన్ని మీ పిల్లవాడి జీవితం పక్కన పెట్టి చూడండి. ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయారా? తండ్రి దూరాన ఉన్నాడా? తాగి కొట్టుకునే గొడవలు కళ్లారా చూస్తున్నాడా? పక్కింటి పిల్లవాడికి సరదా అయినది మీవాడికి గాయం కావచ్చు.

హాల్లో "వెళ్దామమ్మా" అంటే లేచి వచ్చేయండి. టిక్కెట్టు డబ్బులకు చూసుకోవద్దు, "పిరికివాడా" అని వెక్కిరించవద్దు. ఇంట్లో ఫోనులో, టీవీలో వచ్చే సినిమాలకూ ఇదే సూత్రం. 2021 నిబంధనల ప్రకారం వాటికీ వయస్సు గుర్తులు, 13 ప్లస్ నుంచి తాళం వేసే ఏర్పాటు ఉన్నాయి. ఆ తాళం వాడుకోండి.

చూసివచ్చాక రెండు మూడు రాత్రులు కలత నిద్ర సహజమే. పక్కన పడుకోండి, దీపం ఉంచండి, ఏం గుర్తొస్తున్నదో చెప్పనివ్వండి. రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బడికి వెళ్లనని మొరాయించినా డాక్టరుకు చూపించండి. సినిమా సంగతి కూడా దాచకుండా చెప్పండి. పక్క తడిపినందుకు మాత్రం కొట్టవద్దు.

ఆ లారీ డ్రైవరు కొడుకుకు నేను మళ్లీ మాత్రలేవీ రాయలేదు. బయలుదేరిన రాత్రి ఒకసారి, చేరాక ఒకసారి పిల్లవాడితో ఫోనులో మాట్లాడమని తండ్రికి చెప్పాను. నెలన్నరకు పక్క పొడిగా ఉండసాగింది.

గుమ్మం దగ్గర ఆగిన ఆ తల్లికి నేను చెప్పిన సమాధానం కూడా ఇంతే: "ముందు మీరు చూసి రండమ్మా. ఆ తరువాత నన్ను అడగాల్సిన పని ఉండదు."