బొగ్గుగనుల సీమలో శిశుభాషాభ్యాసము

శిశువు మాట నేర్చు విధము భాషాశాస్త్రమునకును సాహిత్యమునకును నడుమ పడి, మన విశ్వవిద్యాలయములలో కొంత అనాదరమునకు లోనైన విషయము. జానపద గేయములపై మనవారు గొప్ప కృషి చేసిరి. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. అయితే జోలపాట పాడిన తల్లిని మనము పట్టించుకొంటిమి గాని, దానిని విన్న బిడ్డ ఆ నాదమునుండి ఏమి గ్రహించెనో అడుగమైతిమి. ఈ వ్యాసమున ఆ రెండవ ప్రశ్నను రామగుండము, గోదావరిఖని ప్రాంతపు గృహజీవనమునకు అన్వయించి చూడ యత్నించుచున్నాను.

సింగరేణి సంస్థ త్రవ్వకములు 1889లో ఇల్లెందు ప్రాంతమున మొదలైనవి. గోదావరి దక్షిణతీరమున గనులు వచ్చినది చాల తరువాత, 1960 ప్రాంతమున. గోదావరిఖని పేరులోనే 'ఖని' యున్నది. గని లేనిదే ఊరు లేదు. కరీంనగరు పల్లెలనుండియు, కోస్తా జిల్లాలనుండియు, హిందీ ప్రాంతములనుండియు కుటుంబములు ఇచ్చటికి చేరినవి. ఆ పిమ్మట విద్యుత్కేంద్రము, ఎరువుల కర్మాగారము మరికొన్ని భాషలను తెచ్చినవి. కావున ఇచ్చటి బిడ్డ చెవికి వాకిట ఒక తెలుగు, పక్కయింట వేరొక తెలుగు, వీథిలో హిందీ లేక ఉర్దూ సోకుచుండును. ఇన్ని భాషలు వినుటచేత మాట ఆలస్యమగునని తల్లిదండ్రులే గాక కొందరు ఉపాధ్యాయులును తలచుచున్నారు. ఇది సరికాదు. రెండు భాషల నడుమ పెరుగు బిడ్డ ఒక్కొక్క భాషలో కొన్ని మాటలు తక్కువగా పలుకవచ్చును; రెండింటిని కూడి లెక్కించినచో సాధారణముగా కొరత కనబడదు.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. గని మూడు షిఫ్టులలో నడచును. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి పగటివేళ నిద్రింపవలెను. క్వార్టరులో గదులు రెండో మూడో. "సప్పుడు జెయ్యకు బిడ్డా, మీ బాపు పండుకున్నడు" అను మాట ఆ యిండ్లలో ఎంత తరచుగా వినవచ్చునో ఆ వాడలలో తిరిగినవారెరుగుదురు. మాట నేర్చు వయసున బిడ్డ మొదట నేర్చునది మౌనము. తల్లియందు దోషము లేదు. నిద్ర చాలని మనిషి భూగర్భమున పనిచేయుట ప్రాణాపాయమని ఆమెకు తెలియును. బిడ్డ నోరు మెదపకుండుటకై ఈనాడు సెల్‌ఫోను చేతికిచ్చుచున్నారు. ఫోను మాటలాడును గాని బదులు వినదు; బిడ్డ 'ఊ' అన్నచో ఆగదు. నిశ్శబ్దము తప్పనిచోట గుసగుస మేలు. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని చెవిదగ్గర మెల్లగా పలికిన మాటయు మాటయే. లేదా ఆ గంటలలో వరండాలోనో, వేపచెట్టు క్రిందనో, అవ్వవద్దనో పలుకు సాగవచ్చును.

తొలిపలుకుల విషయమున కొంత నిలిచి చూడదగును. రోమన్ యాకొబ్‌సన్ 1941లో ప్రకటించిన జర్మన్ గ్రంథమున, శిశువుల నోట అకారమును, పెదవులతో పలుకు హల్లులును ముందుగా స్థిరపడునని సిద్ధాంతీకరించెను. బిడ్డకును బిడ్డకును భేదమున్నదని తరువాతివారు చూపిరి గాని, మూలసూత్రము చాలవరకు నిలిచినది. ఈ సీమలో తల్లి 'అవ్వ', తండ్రి 'బాపు'. రెండింటిని పలుకుట పెదవుల పనియే. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, బువ్వ, పప్పు — ఈ మాటలలో ద్విత్వము ఎంత విరివిగా నున్నదో గమనింపుడు. హల్లును ఒక క్షణము పట్టి విడుచు ఈ పలుకుబడి శిశువునకు అనుకూలమని నా ఊహ. పరిశోధక విద్యార్థులెవరైన దీనిని పరీక్షింపదగును. రకారము, శషసలు, సంయుక్తాక్షరములు ఆలస్యముగా కుదురుకొనును. మూడవయేట రైలును 'లైలు' అనుట దోషము కాదు. దానిని పరిహసించుట దోషము.

బువ్వ, లాల, బజ్జో, బూచి వంటి లాలనభాష హానికరమని కొందరి యభిప్రాయము. ఫెర్గుసన్ పండితుడు 1964లో ఆరు భాషల లాలనపదములను పోల్చి చూచెను. వానిలో మన పొరుగుభాష మరాఠీ యొకటి. సంబంధములేని భాషలలో సైతము పదములు చిన్నవగుట, అక్షరములు మరల మరల వచ్చుట వంటి లక్షణములు కనబడినవి. పపువా న్యూగినీలోని కలూలీ జనులు శిశువుతో ఇట్లు పలుకకయే పెంచుదురు. వారి బిడ్డలకును మాట వచ్చుచున్నది. కావున లాలనభాష తప్పనిసరియు కాదు, తప్పును కాదు.

మరి యేది కావలెను? బదులు. బిడ్డ కాకిని చూపి 'కా' అన్నచో, "అవును, కాకి వచ్చింది, గోడమీద కూసున్నది" అని తల్లి ఆ మాటను పెంచి తిరిగి యివ్వవలెను. ప్రశ్న వేసిన పిదప వెంటనే తానే జవాబు చెప్పక, కొంతసేపు బిడ్డ మోము చూచుచు ఆగవలెను; పెద్దలకు మిక్కిలి కష్టమైనది ఈ యాగుటయే. తండ్రికిని ఇందు పాలున్నది. డ్యూటీ దిగి వచ్చినవాడు బూట్లు, టోపీ, టిఫిను డబ్బా ఒక్కొక్కటి చూపి పేరు పలికినచో పది నిమిషములకంటె ఎక్కువ పట్టదు. 1995లో హార్ట్, రిస్లే యను అమెరికా పరిశోధకులు 42 కుటుంబములను పరిశీలించి, పేదయిండ్ల బిడ్డలు చాల తక్కువ మాటలు విందురని ప్రకటించిరి. ఆ లెక్కలపై తరువాత తీవ్రవిమర్శ వచ్చినది. శ్రామికుల యిండ్లు భాషాదరిద్రములని మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. గనిలోని పారిభాషికపదములే ఒక నిఘంటువునకు చాలినన్ని కలవు.

అట్లే, ఇంటి మాట బడికి పనికిరాదను భయమున తమకు రాని ఆంగ్లములో రెండేండ్ల బిడ్డను పలకరించు తల్లిదండ్రులు నేడు పెక్కుమంది. తడబడు భాషలో కథ సాగదు, కోపము పలుకదు, వేళాకోళము పుట్టదు. తల్లికి ఏ తెలుగు వచ్చునో ఆ తెలుగే బిడ్డకు తగినది. ప్రామాణికభాష బడిలో ఎట్లును వచ్చును.

ఇక ఆలస్యము. ఏడాది దాటినను చేతితో చూపుట, పేరు పిలిచిన తిరుగుట లేకున్నను, రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకకున్నను, వచ్చిన మాటలు పోయినను, 'వాళ్ల నాయనకు కూడ ఆలస్యముగానే వచ్చినది' అని కూర్చుండరాదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వినికిడి, భాష ఆలస్యములను గూడ పరీక్షింతురు, అంగన్‌వాడీలో అడుగవచ్చును. 1965లో మైసూరున వెలసిన అఖిల భారత వాక్‌శ్రవణ సంస్థ దూరమనుకొన్నచో, బొంబాయి జాతీయ శ్రవణసంస్థకు సికింద్రాబాదున ప్రాంతీయకేంద్రము కలదు.

ముందు చూపవలసినది చెవి. ఇందొక మోసము గలదు. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడు దగ్గరి యిండ్లలో నేల అదరును, గిన్నెలు కదలును. వినికిడి లేని శిశువు సైతము ఆ యదురునకు ఉలికిపడి తల త్రిప్పును. 'మావానికి చెవులు బాగున్నవి, బాంబు పేలితే లేచినాడు' అని పెద్దలు ధైర్యపడుదురు. తలుపు తట్టుట, పళ్ళెము మోగించుట కూడ ఇట్టివే. బిడ్డ చూడనిచోట నిలిచి, నేల అదరకుండ, మెల్లగా పేరు పిలిచి చూడవలెను. అందుకు తిరిగినను అనుమానము మిగిలినచో, ఆ పిలుపును నమ్మక, యంత్రముతో చెవులు రెండును విడివిడిగా పరీక్షింపజేయవలెను.