అమావాస్య రాత్రి చుక్కలు చూద్దామా?

అమావాస్య అంటే చాలామందికి భయం. ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు. కొత్త పని మొదలుపెట్టరు. పొద్దుగూకితే పిల్లల్ని గడప దాటనివ్వరు. "బయట దయ్యాలు తిరుగుతాయి" అంటారు.

కానీ ఆకాశంలో చుక్కలు బాగా కనిపించేది ఆ రాత్రే. భయపడి తలుపు వేసుకుంటే ఆ వేడుక దక్కదు.

అమావాస్య నాడు చీకటి ఎందుకు?

చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగు పడితేనే మెరుస్తాడు. చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతుంటాడు. తిరుగుతూ తిరుగుతూ అమావాస్య నాటికి సూర్యుడు ఉన్న వైపుకు వస్తాడు. అప్పుడు వెలుగు పడ్డ సగం సూర్యుడి వైపు ఉంటుంది. చీకటి సగం భూమి వైపు ఉంటుంది. పైగా ఆ రోజు చంద్రుడు సూర్యుడితోపాటే అస్తమిస్తాడు. అందుకే రాత్రి కనిపించడు. ఆ చీకటికీ దయ్యాలకూ సంబంధం లేదు.

పున్నమి నాడు రాత్రంతా వెన్నెల ఉంటుంది. ఆ వెలుగులో సన్న చుక్కలు కనిపించవు. పట్టపగలు దీపం పెడితే దాని వెలుగు తెలుస్తుందా? ఇదీ అంతే.

ఏ రాత్రి మంచిది?

గోడమీద క్యాలెండరు చూడండి. అమావాస్య దగ్గర నల్లని గుండ్రం ఉంటుంది. అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూ కూడా మంచిదే. ఆషాఢం, శ్రావణం నెలల్లో మబ్బులు ఎక్కువ. మార్గశిరం, పుష్యం, మాఘం నెలల్లో వాన తక్కువ. ఆకాశం తేటగా ఉంటుంది. తెల్లవారుజామున మంచు పడుతుంది కాబట్టి రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వేళ మేలు.

ఎక్కడ చూడాలి?

వీధి దీపం పడని చోటు కావాలి. పిట్టగోడ ఉన్న మిద్దె అయినా, కళ్లం అయినా సరే. పగలే వెళ్లి ఆ చోటు చూసుకోవాలి. నేల బావి పక్కన, పొదల పక్కన వద్దు. ఒంటరిగా పోవద్దు. నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి, పిల్లల్నీ తీసుకుని పోవాలి. చాప, దుప్పటి, చేతికర్ర ఉంచుకోవాలి. పురుగూ పుట్రా ఉంటాయి కాబట్టి దారిలో టార్చిలైటు వేసుకోవాలి. చోటికి చేరాక దానికి ఎర్ర గుడ్డ చుట్టాలి.

వెళ్లగానే అన్నీ కనిపించవు. కళ్లు చీకటికి అలవాటు పడాలి. దానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోను చూసినా మళ్లీ మొదటికే వస్తుంది.

ఏమేం కనిపిస్తాయి?

జనవరి మొదట్లో రాత్రి ఎనిమిది గంటలకు తూర్పు వైపు తిరగండి. వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వీటినే గొల్లకావడి అంటారు. కొన్ని ఊళ్లలో గొర్రుకొయ్యలు అంటారు. నడినెత్తికి దగ్గరగా చిన్న చుక్కల గుంపు ఉంటుంది. అది పిల్లలకోడి. కొందరికి ఆరు చుక్కలు కనిపిస్తాయి, కొందరికి ఏడు. ఎవరికెన్ని కనిపిస్తాయో పందెం వేసుకోవచ్చు.

మూడు చుక్కల వరస వెంట కిందికి చూస్తే తళతళలాడే పెద్ద చుక్క ఉంటుంది. దాని పేరు లుబ్ధకుడు. రాత్రి ఆకాశంలో కనిపించే నక్షత్రాలన్నిటిలో ఇదే కాంతివంతం. దాని వెలుగు భూమికి చేరడానికి ఎనిమిదిన్నర ఏళ్లు పడుతుంది. ఆ వెలుగు అక్కడ బయలుదేరినప్పుడు ఇప్పటి మూడో తరగతి పిల్ల ఇంకా పుట్టనే లేదు!

మధ్యలో ఒక చుక్క రాలొచ్చు. "ఎవరో పోయారు" అని కొందరు గుండె బాదుకుంటారు. నిజానికి అది చుక్కే కాదు. ఇసుక రేణువంత, చిన్న గులకరాయంత రాయి. అది ఎంతో వేగంగా గాలిలోకి దూసుకొచ్చి మండిపోతుంది. ఏటా డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో ఇవి బాగా ఎక్కువ. ఎవరి ప్రాణానికీ వాటితో లెక్క లేదు.

వెనక కోడికూతకు ముందే నాట్లకు పోయిన ఆడవాళ్లు వేగుచుక్కను చూసి పొద్దు తెలుసుకున్నారు. గడియారం లేకపోయినా పని ఆగలేదు. ఆకాశం వాళ్లకు కొత్త కాదు. ఇప్పుడు క్యాలెండరు చదవడమూ వచ్చింది. ఇక భయమెందుకు?

చెప్పండి:
1. అమావాస్య రాత్రి చంద్రుడు ఎందుకు కనిపించడు?
2. మీ ఊళ్లో ఆ మూడు చుక్కల్ని ఏమంటారు? పెద్దవాళ్లను అడిగి రాయండి.
3. వచ్చే అమావాస్య ఏ తేదీన? క్యాలెండరు చూసి రాయండి.